ఉక్కు రకాలు – వెల్డింగ్ పద్ధతుల ఎంపిక: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉక్కును అతకడానికి ఏ వెల్డింగ్ పద్ధతి మేలు అనే ప్రశ్నకు అన్ని కాలాలకూ చెల్లే జవాబు లేదు. అతకవలసిన ఉక్కు ఏ రకానిదో తేలిన తరవాతే జవాబు దొరుకుతుంది. ఈ సూత్రం నేడు తేలికగా కనిపించినా, ఇరవయ్యో శతాబ్దంలో కూలిన వంతెనలు, విరిగిన ఓడలు, పగిలిన పీడన పాత్రలు దానిని నేర్పాయి. కొలిమి అతుకు మొదలుకొని మారేజింగ్ ఉక్కు వరకు ఈ ఎంపిక ఎలా మారుతూ వచ్చిందో, అందులో కర్బనం పాత్ర ఏమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పద్ధతి ఉక్కుకు లొంగి నడిచిన దశ నుండి, వెల్డింగ్ కోసం ఉక్కే తన స్వభావాన్ని మార్చుకున్న దశ వరకు జరిగిన పరిణామాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: ఉక్కు, వెల్డింగ్, కర్బన తుల్యాంకం, హైడ్రోజన్ పగులు, ఉష్ణ ప్రభావిత మండలం, మారేజింగ్ ఉక్కు, కోనసముద్రం.

1. ఉపోద్ఘాతం:

‘ఉక్కు’ అనేది ఒకే లోహం పేరు కాదు. ఇనుములో కర్బనం స్వల్పంగా కలిస్తే ఉక్కు అవుతుంది. ఆ స్వల్పం ఎంత అన్నదాని మీదా, దానితో పాటు మాంగనీసు, క్రోమియం, నికెల్, మాలిబ్డినం వంటివి ఏ పాళ్లలో చేరాయన్నదాని మీదా దాని గుణం ఆధారపడుతుంది. కిటికీ చువ్వ, రైలు పట్టా, పాల డెయిరీలోని తొట్టి, రాకెట్టు మోటారు గుల్ల – ఇవన్నీ ఉక్కువే. కాని ఒకదానిని అతికిన తీరులో మరొకదానిని అతికితే అతుకు నిలవదు.

వెల్డింగ్‌లో లోహం కొద్ది క్షణాలలో కరిగి, కొద్ది క్షణాలలోనే గట్టిపడుతుంది. కరిగిన భాగం పక్కన, కరగకపోయినా తీవ్రంగా వేడెక్కి చల్లారే సన్నని పట్టీ ఒకటి ఉంటుంది. దీనినే ఉష్ణ ప్రభావిత మండలం అంటారు. ఉక్కు కర్మాగారంలో ఎంతో శ్రద్ధతో సమకూర్చిన గుణాలు ఈ పట్టీలో చెదిరిపోతాయి. అందువల్ల వెల్డింగ్ పద్ధతిని ఎంచుకోవడమంటే యంత్రాన్ని ఎంచుకోవడం మాత్రమే కాదు. ఉక్కు ఎంత వేడిని, ఎంత వేగంతో, ఏ వాయువుల మధ్య భరించగలదో నిర్ణయించడం. ఈ అవగాహన ఏర్పడిన క్రమాన్ని తెలుసుకోవాలంటే విద్యుత్తు లేని కాలం నుండి మొదలుపెట్టాలి.

2. కొలిమి అతుకు – కర్బనం విధించిన హద్దు:

పందొమ్మిదో శతాబ్దం చివరి వరకు ఇనుమును అతకడానికి ప్రధాన మార్గం కొలిమే. రెండు ముక్కలను తెల్లని వేడికి తెచ్చి, దాగలి మీద ఉంచి సమ్మెటతో కొడితే అవి ఒకటవుతాయి. మెత్తని ఇనుము ఈ పనికి బాగా లొంగుతుంది. దానిలో కర్బనం అతి తక్కువ కావడం, కరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కావడం ఇందుకు కారణాలు. దానిలో మిగిలి ఉన్న చిట్టెం కూడా ఆ వేడికి కరిగి, ఉపరితలం మీది తుప్పుపొరను తనతో బయటికి తీసుకుపోతుంది. సుమారు 1600 ఏళ్ల నాటి ఢిల్లీ ఇనుప స్తంభం ఇలా ముద్దలను అతికి రూపొందించినదే. ఆరు టన్నులకు పైగా బరువున్న ఆ నిర్మాణం కొలిమి అతుకు సాధించగలిగిన ఎత్తుకు నిదర్శనం.

కర్బనం పెరిగిన కొద్దీ ఈ పని కష్టమవుతుంది. ఇందుకు తెలుగు నేల మీదే స్పష్టమైన ఉదాహరణ ఉంది. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం మూసలో వండిన ఉక్కుకు ప్రసిద్ధి పొందిన ఊరు. అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాలలో ఆ ప్రాంతాన్ని చూసిన హెచ్. డబ్ల్యు. వాయ్సీ నమోదు చేశాడు. ఐరోపావారు ‘వుట్జ్’ అని పిలిచిన ఈ ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం. ఖడ్గానికి కాఠిన్యాన్ని, పదునును, మీది అలల నగిషీని ఇచ్చినది ఆ కర్బనమే. అతుకుకు అడ్డు నిలిచినదీ అదే. ఇంత కర్బనం ఉన్న ఉక్కు తక్కువ ఉష్ణోగ్రతలోనే కరగడం మొదలుపెడుతుంది. మెత్తని ఇనుమును అతికే తెల్లని వేడికి తెస్తే సమ్మెట దెబ్బకు పిండిలా విడిపోతుంది. అందుకే వుట్జ్ ఖడ్గాన్ని ముక్కలు అతికి కాక, ఒకే ఉక్కు ముద్దను తగుమాత్రపు వేడిలో ఓర్పుగా సాగదీసి తయారుచేసేవారు.

గొడ్డలి వంటి పనిముట్ల విషయంలో కమ్మరి మరొక దారి పట్టాడు. మెత్తని ఇనుప దేహానికి ఉక్కు అంచును అతికి, అతికే చోట ఇసుకనో వెలిగారాన్నో చల్లి తుప్పుపొరను కరిగించేవాడు. అతికే వేడి ఎంతో రంగును బట్టి నిర్ణయించేవాడు. ఉక్కు రకాన్ని బట్టి పద్ధతిని మార్చడం అనే సూత్రం ఆచరణలో అప్పటికే ఉన్నది. దానికి లెక్కలు మాత్రం లేవు.

3. విద్యుత్ ఆర్కు – పద్ధతుల విస్తరణ:

1880ల నుండి పరిస్థితి వేగంగా మారింది. బెనార్డోస్, ఓల్షెవ్‌స్కీలు బొగ్గు కడ్డీతో విద్యుత్ ఆర్కును సృష్టించి లోహాన్ని అతికే పద్ధతికి 1885లో బ్రిటన్‌లో పేటెంటు పొందారు. 1888లో స్లావ్యానోవ్ బొగ్గు కడ్డీ స్థానంలో లోహపు కడ్డీనే వాడి, అది కరిగి అతుకులో నిండేలా చేశాడు. అయితే పూత లేని కడ్డీతో వేసిన అతుకులోకి గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ చొరబడి దానిని పెళుసుగా మార్చేవి. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ కెల్బెర్గ్ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో కడ్డీకి ఖనిజపు పూత వేసి ఈ సమస్యకు దారి చూపాడు. పూత కాలి వాయువు తెరగాను, చిట్టెంగాను మారి కరిగిన లోహాన్ని కాపాడుతుంది. నేడు ప్రతి వెల్డింగ్ దుకాణంలోనూ కనిపించే రాడ్డుకు మూలం ఇదే.

1920లో బ్రిటన్‌లో పూర్తిగా వెల్డింగ్‌తో నిర్మించిన ‘ఫుల్లగార్’ అనే సముద్రనౌక నీటికి దిగింది. 1930లలో పొడి ఫ్లక్స్ గుట్ట కింద ఆర్కు దాగి ఉండి, తీగ యంత్రంతో నిరంతరం లోపలికి నడిచే సబ్‌మర్జ్‌డ్ ఆర్కు పద్ధతి రూపొందింది. మందమైన పలకలపై పొడవైన అతుకులను వేగంగా వేయడంలో దానికి సాటి లేదు. 1940ల తొలినాళ్లలో అమెరికాలో రస్సెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ మొనతో, హీలియం వాయువు రక్షణలో మెగ్నీషియంను అతికాడు. ఇదే టిగ్ పద్ధతికి ఆది. 1948లో తీగ తానే కరిగే మిగ్ పద్ధతి, 1953లో చవకైన కార్బన్ డయాక్సైడ్ వాయువుతో దాని రూపాంతరం వచ్చాయి.

ఈ పద్ధతులు వేగం, ఖర్చు, శుభ్రత అనే కొలతలతో ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. ఎంపిక కూడా తొలుత ఆ కొలతలతోనే సాగింది. రివెట్లతో కట్టినప్పుడు ఏ ఉక్కును వాడేవారో ఆ ఉక్కునే వెల్డింగ్‌కూ వాడడంలో తప్పేమీ లేదని ఇంజనీర్లు భావించారు. ఆ భావన ఎంత ప్రమాదకరమో 1938 నుండి తెలియసాగింది.

4. సాధారణ ఉక్కు – చలిలో బయటపడిన పెళుసుదనం:

బెల్జియంలో ఆల్బర్ట్ కాలువ మీద హాసెల్ట్ వద్ద పూర్తిగా వెల్డింగ్‌తో కట్టిన వంతెన 1938 మార్చి 14న విరిగి కూలింది. అది కట్టి అప్పటికి ఏళ్లు కూడా గడవలేదు. కూలేటప్పుడు దానిపై అసాధారణ భారం ఏదీ లేదు. ఐదేళ్ల లోపే అదే కథ నీటి మీద పునరావృతమైంది. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో కట్టి ఉన్న ‘షెనెక్టడీ’ అనే చమురు నౌక నిశ్చల జలంలో పెద్ద శబ్దంతో నడిమికి చిట్లింది. యుద్ధకాలంలో అమెరికా నిర్మించిన 2,710 లిబర్టీ నౌకలలో కూడా అనేకం ఇలాంటి పగుళ్లకు గురయ్యాయి. అదే ఏడాది నవంబరులో ‘జాన్ పి. గెయిన్స్’ అనే లిబర్టీ నౌక రెండుగా విరిగి పదిమంది మరణించారు.

తొలి అనుమానం వెల్డర్ల మీద పడింది. యుద్ధపు తొందరలో కొత్తవారికి శిక్షణ ఇచ్చి పనిలోకి దింపిన మాట నిజమే. అతుకులలో లోపాలు ఉన్న మాటా నిజమే. కాని కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ జరిపిన పరిశోధన అసలు కారణాన్ని పలకలోనే చూపింది. ఆ ఉక్కు మామూలు వేడిలో సాగుతుంది. ఒక ఉష్ణోగ్రత కంటే చల్లబడితే గాజులా పగులుతుంది. రివెట్ల ఓడలోనూ ఈ గుణం ఉన్నదే. అయితే అక్కడ పగులు ఒక పలక అంచుకు చేరి ఆగిపోయేది. వెల్డింగ్ ఓడను అఖండమైన ఒకే లోహంగా మార్చింది కాబట్టి, డెక్కు మీది చదరపు తలుపు మూలలో మొదలైన పగులుకు అడ్డే లేకపోయింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తరవాత చేసిన సవరణలలో వెల్డింగ్‌ను విడిచిపెట్టలేదు. మూలలను గుండ్రం చేశారు. పగులును ఆపడానికి కొన్ని చోట్ల రివెట్ల వరుసలు చేర్చారు. ఉక్కును కొనేటప్పుడు దాని బలాన్ని మాత్రమే కాక, చలిలో దెబ్బను తట్టుకునే శక్తిని కూడా పరీక్షించే సంప్రదాయం బలపడింది. గాటు పెట్టిన చిన్న కడ్డీని లోలకంతో కొట్టి, విరగడానికి ఎన్ని జౌళ్ల శక్తి పట్టిందో చూసే చార్పీ పరీక్ష ఓడల పలకలకు ప్రమాణమైంది. ‘ఎలా అతకాలి’ అనే ప్రశ్నకు ముందు ‘దేనిని అతుకుతున్నాం’ అనే ప్రశ్న అధికారికంగా చేరింది ఇక్కడే.

5. అధిక బలపు ఉక్కు – కర్బన తుల్యాంకం, హైడ్రోజన్:

మెత్తని ఉక్కు స్థానంలో బలమైన ఉక్కు వస్తే పలక మందం తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. ఆ బలాన్ని తొలిరోజులలో కర్బనం, మాంగనీసు పెంచి సాధించారు. ఇలాంటి ఉక్కులో వెల్డింగ్ వేడి త్వరగా చల్లారితే ఉష్ణ ప్రభావిత మండలంలో మార్టెన్సైట్ అనే అతి కఠినమైన నిర్మాణం ఏర్పడుతుంది. కమ్మరి కత్తిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచి గట్టిపరచడం వంటిదే ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ నీటి పనిని అతుకు చుట్టూ ఉన్న చల్లని పలకే చేస్తుంది, అదీ ఎవరూ కోరకుండానే.

ఏ మూలకం ఎంత గట్టిపరుస్తుందో ఒకే సంఖ్యలోకి తెచ్చే ప్రయత్నాన్ని 1940లో బ్రిటన్‌లో డియర్డెన్, ఓ’నీల్ చేశారు. దాని ఆధారంగా రూపొందిన సూత్రాన్ని అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ 1967లో స్వీకరించింది. కర్బనం శాతానికి మాంగనీసులో ఆరో వంతును, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియంల మొత్తంలో ఐదో వంతును, నికెల్, రాగిల మొత్తంలో పదిహేనో వంతును కలిపితే కర్బన తుల్యాంకం వస్తుంది. ఉదాహరణకు 0.18 శాతం కర్బనం, 1.2 శాతం మాంగనీసు గల ఉక్కుకు అది 0.38. అదే 0.23 శాతం కర్బనం, 1.5 శాతం మాంగనీసు అయితే 0.48. మొదటిదానిని మందం మరీ ఎక్కువ కాకపోతే ముందుగా వేడిచేయకుండానే అతకవచ్చు. రెండవదానికి ముందస్తు వేడి, తడి లేని రాడ్డు, నెమ్మదిగా చల్లార్చడం తప్పనిసరి అవుతాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు పలకలకు పద్ధతి వేరు కావడానికి ఆ చిన్న తేడా చాలు.

రెండవ కారణం హైడ్రోజన్. రాడ్డు పూతలోని తేమ, సెల్యులోజు, పలక మీది నూనె, తుప్పు ఆర్కు వేడికి విడిపోయి హైడ్రోజన్‌ను ఇస్తాయి. అది కరిగిన లోహంలో చేరి, చల్లారాక కఠినమైన మండలంలోకి పాకి, గంటల తరవాత, ఒక్కోసారి రోజుల తరవాత పగులును పుట్టిస్తుంది. అతుకు వేసినరోజు చేసిన తనిఖీలో ఏమీ కనిపించదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల కవచాన్ని అతకడానికి ఎక్కువ నికెల్, క్రోమియం గల ఆస్టెనైట్ రాడ్లు వాడేవారు. అలాంటి లోహం హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుతుంది. యుద్ధంలో ఆ మూలకాలకు కొరత ఏర్పడడంతో సున్నపు పూత గల తక్కువ హైడ్రోజన్ రాడ్డు వేగంగా అభివృద్ధి చెందింది. అలాంటి రాడ్లను 300 డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి, పనిచోట వేడి పెట్టెలో ఉంచి వాడడం అప్పటి నుండి క్రమశిక్షణగా నిలిచింది. ఒకవైపు చమురు గొట్టాల పనిలో, అడుగు పొరను వేగంగా, లోతుగా వేయడానికి సెల్యులోజు రాడ్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఆ గొట్టాల ఉక్కు, మందం అందుకు అనుమతిస్తాయి కాబట్టే అది చెల్లుతోంది.

ఈ జ్ఞానం పుస్తకాలలో ఉన్నా ఆచరణకు చేరకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో తెలిసింది. 1961 ఏప్రిల్‌లో ప్రారంభమైన కింగ్స్ బ్రిడ్జి, 1962 జులై 10న శీతకాలపు ఉదయం సుమారు 45 టన్నుల వాహనం వెళ్తుండగా కుంగింది. కింద ఉన్న గోడలు ఆసరా ఇవ్వడంతో ప్రాణనష్టం తప్పింది. విచారణకు రాయల్ కమిషన్‌ను నియమించారు. వంతెనకు వాడినది బ్రిటిష్ ప్రమాణాల ప్రకారం తయారైన అధిక బలపు ఉక్కు. దూలం అడుగున అతికిన అదనపు పలక చివర, అడ్డంగా వేసిన అతుకు మొదలు వద్ద ఉష్ణ ప్రభావిత మండలంలో సన్నని పగుళ్లు ఉన్నట్టు తేలింది. అవి చలిలో పెళుసుగా పెరిగి దూలాన్ని చీల్చాయి. మెత్తని ఉక్కుతో అలవాటైన పద్ధతి, తనిఖీ కొత్త ఉక్కుకు సరిపోలేదు. ఇక్కడ లోపం ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. ఉక్కును ఎంచినవారు, దూలాన్ని గీసినవారు, అతికినవారు, తనిఖీ చేసినవారు ఒకే లోహం గురించి వేర్వేరుగా ఆలోచించడంలో ఉన్నది.

6. తుప్పు పట్టని ఉక్కు – శత్రువు మారిన సందర్భం:

1912–13లలో జర్మనీలోను, బ్రిటన్‌లోను స్టెయిన్‌లెస్ ఉక్కు రూపొందింది. దానిలో ఎక్కువగా వాడే ఆస్టెనైట్ రకం చల్లారినా గట్టిపడదు. హైడ్రోజన్ పగులు భయం దాదాపు లేదు. అందువల్ల ముందస్తు వేడి అక్కరలేదు. పైగా అది హానికరం కూడా. ఈ ఉక్కులో వచ్చిన చిక్కు వేరు. అతికిన పాత్రను ఆమ్లాల పనికి వాడితే, అతుకుకు కొద్ది దూరంలో దానికి సమాంతరంగా లోహం తినివేసినట్టు అయ్యేది. 1930లలో దీనికి వివరణ దొరికింది. సుమారు 450 నుండి 850 డిగ్రీల మధ్య లోహం కొంతసేపు నిలిస్తే, కర్బనం తన చుట్టూ ఉన్న క్రోమియంను లాక్కుని రేణువుల సరిహద్దుల వద్ద కార్బైడ్‌గా పేరుకుంటుంది. క్రోమియం పోయిన సరిహద్దుకు తుప్పును అడ్డుకునే శక్తి ఉండదు.

ఇక్కడ కూడా దోషి కర్బనమే. అయితే అది చేసిన హాని వేరు, కనుక పరిష్కారమూ వేరు. క్రోమియం కంటే కర్బనాన్ని ఎక్కువగా ఆకర్షించే టైటానియం లేదా నియోబియంను ఉక్కులో కలపడం ఒక మార్గం. కర్బనాన్నే 0.03 శాతానికి తగ్గించడం రెండవది. 1968 నుండి ఆర్గాన్–ఆక్సిజన్ శుద్ధి పద్ధతి కర్మాగారాలకు రావడంతో ఈ రెండవ మార్గం చవకైంది. అతుకు లోహంలో కొద్దిపాటి ఫెర్రైట్ ఉంటే వేడిలో వచ్చే పగుళ్లు తగ్గుతాయి. 1949లో షెఫ్లర్ గీసిన పటం ఏ రాడ్డుతో ఎంత ఫెర్రైట్ వస్తుందో ముందుగా అంచనా వేయడానికి వీలు కల్పించింది. స్టెయిన్‌లెస్ ఉక్కును మామూలు ఉక్కుతో అతకవలసి వచ్చినప్పుడు రాడ్డును నిర్ణయించడానికి ఇదే ఆధారం.

పద్ధతి విషయానికి వస్తే, ఈ ఉక్కు వేడిని నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది, ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కనుక తక్కువ వేడితో, సన్నని వరుసలతో పని చేయాలి. పలుచని గొట్టాలకు, పాలు, మందులు ప్రవహించే పాత్రలకు టిగ్ పద్ధతి అనువైనది. గొట్టం లోపల కూడా ఆర్గాన్‌ను నింపకపోతే అతుకు వెనుక భాగం మాడి గరుకుగా మారి తుప్పుకు చోటిస్తుంది. మామూలు ఉక్కు మీద వాడిన తీగ బ్రష్షును దీనిపై వాడకూడదన్న దుకాణపు నియమం కూడా ఈ శాస్త్రం నుండి వచ్చినదే.

7. మాంగనీసు ఉక్కు, పట్టాల ఉక్కు – నియమానికి ప్రతినియమం:

కర్బనం ఎక్కువైతే ముందుగా వేడిచేయాలన్న నియమాన్ని అక్షరాలా పాటిస్తే చెడిపోయే ఉక్కు ఒకటుంది. రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనుగొన్న మాంగనీసు ఉక్కులో కర్బనం సుమారు 1.2 శాతం, మాంగనీసు 12 శాతానికి పైగా ఉంటాయి. దెబ్బలు తిన్నకొద్దీ గట్టిపడే ఈ లోహాన్ని రైలు మార్గాల కూడళ్లలో, రాళ్లు నలిపే యంత్రాలలో వాడతారు. మామూలు ఉక్కును ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే పెళుసు అవుతుంది. ఇది అదే పనికి మెత్తబడి దృఢంగా మారుతుంది. తిరిగి వేడిచేస్తే దీనిలో కార్బైడ్లు పేరుకుని పెళుసు అవుతుంది. అందుకే దీనిని అతికేటప్పుడు ముందస్తు వేడి ఇవ్వరు. చిన్న చిన్న వరుసలు వేస్తూ, మధ్యలో ఆగుతూ, అతుకు పక్కన లోహం వేడెక్కకుండా చూస్తారు. ఇది వెల్డర్ చేతిలోని రాడ్డుతో సాధ్యమవుతుంది. ఎక్కువ వేడిని కుమ్మరించే సబ్‌మర్జ్‌డ్ ఆర్కు ఇక్కడ తగదు.

రైలు పట్టాల ఉక్కులో కర్బనం సుమారు 0.6 నుండి 0.8 శాతం. దానిని సన్నని రాడ్డుతో, చల్లగా అతికితే పగులు ఖాయం. దీనికి చరిత్ర రెండు మార్గాలు చూపింది. హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంటు పొందిన థర్మిట్ చర్యలో అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు కలిసి మండి కరిగిన ఉక్కును ఇస్తాయి. ముందుగా వేడిచేసిన పట్టాల కొసల మధ్య అచ్చులో దానిని పోస్తారు. 1899లో జర్మనీలోని ఎస్సెన్ నగరంలో ట్రాము పట్టాలను ఇలా అతికారు. రెండవది ఫ్లాష్ బట్ పద్ధతి. దీనిలో కొసలను విద్యుత్తుతో కరిగించి బలంగా ఒకదానిలోకి ఒకటి నొక్కుతారు. బయటి లోహం కలవదు కాబట్టి అతుకు నాణ్యత మెరుగ్గా ఉంటుంది. కాని అందుకు భారీ యంత్రం కావాలి. కర్మాగారంలో ఫ్లాష్ బట్, మార్గం మీద థర్మిట్ అనే విభజన భారత రైల్వేలలోనూ కనిపిస్తుంది. పద్ధతిని ఉక్కు నిర్ణయించినా, తుది ఎంపికలో పనిచోటుకూ మాట ఉంటుందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

8. వెల్డింగ్ కోసం ఉక్కే మారిన దశ:

1960ల తరవాత ఆలోచన దిశ మారింది. ఉక్కుకు తగిన జాగ్రత్తలు వెతకడం కంటే, జాగ్రత్తలు తక్కువ కోరే ఉక్కును తయారుచేయడం మేలని లోహశాస్త్రవేత్తలు గుర్తించారు. కర్బనాన్ని తగ్గించి, ఆ మేర కోల్పోయిన బలాన్ని నియోబియం వంటి మూలకాల స్వల్ప మోతాదుతో, నియంత్రిత ఉష్ణోగ్రతలో పలకను నొక్కే విధానంతో తిరిగి రాబట్టారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాములకు వాడిన హెచ్‌వై-80 ఉక్కుకు ముందస్తు వేడి తప్పనిసరి. ఓడ దేహమంతా అలా వేడిచేస్తూ అతకడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. 1984లో ఓడల నిర్మాణానికి ఆమోదం పొందిన హెచ్‌ఎస్‌ఎల్‌ఏ-80 ఉక్కు, చాలా తక్కువ కర్బనంతో, రాగి సూక్ష్మకణాల సాయంతో అదే బలాన్ని అందించి ఆ భారాన్ని తగ్గించింది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల రూపొందించిన డీఎంఆర్-249ఏ కూడా తక్కువ కర్బనం గల నౌకా ఉక్కే. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణంలో దానిని వాడారు.

ఈ దిశలో చివరి మెట్టు మారేజింగ్ ఉక్కు. దానిలో నికెల్ సుమారు 18 శాతం. కర్బనం మాత్రం 0.03 శాతానికి మించదు. బలం కర్బనం వల్ల కాక, సుమారు 480 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచినప్పుడు లోపల ఏర్పడే సూక్ష్మ లోహ సమ్మేళనాల వల్ల వస్తుంది. కనుక మెత్తగా ఉన్నప్పుడే ముందస్తు వేడి లేకుండా అతికి, ఆ తరవాత ఉష్ణోపచారంతో బలాన్ని నింపవచ్చు. అయినా పద్ధతి ఎంపిక ఇక్కడ కూడా నిర్ణాయకమే. 1965 ఏప్రిల్‌లో అమెరికాలో 260 అంగుళాల వ్యాసం గల రాకెట్టు మోటారు గుల్లను నీటి పీడనంతో పరీక్షిస్తుండగా, నిర్ణయించిన పీడనంలో సుమారు 56 శాతం వద్దే అది బద్దలైంది. అది సబ్‌మర్జ్‌డ్ ఆర్కుతో అతికినది. అతుకు వద్ద తనిఖీకి చిక్కని లోపం నుండి పగులు మొదలైందని విచారణ తేల్చింది. ఎక్కువ వేడి వల్ల పగులును తట్టుకునే గుణం తగ్గిన లోహంలో చిన్న లోపం కూడా ప్రాణాంతకమవుతుంది. నెమ్మదైనా తక్కువ వేడితో, శుభ్రమైన వాయువు రక్షణలో సాగే టిగ్ పద్ధతి ఈ ఉక్కుకు తగినదిగా స్థిరపడింది. 1973లో హైదరాబాద్‌లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్ మారేజింగ్ ఉక్కును తయారుచేస్తోంది. భారత అంతరిక్ష సంస్థ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ మోటారు గుల్ల ఈ కోవకు చెందిన ఉక్కుతో చేసినదే.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది విషయాలు స్పష్టమవుతున్నాయి.

• వెల్డింగ్ పద్ధతులకు తమంత తాముగా మంచిచెడులు లేవు. వేగవంతమైన సబ్‌మర్జ్‌డ్ ఆర్కు ఓడ పలకకు వరం, మారేజింగ్ ఉక్కుకు ముప్పు.
• మెత్తని ఉక్కుకు చలిని తట్టుకునే గుణం, అధిక బలపు ఉక్కుకు హైడ్రోజన్ నియంత్రణ, స్టెయిన్‌లెస్ ఉక్కుకు తక్కువ వేడి, మాంగనీసు ఉక్కుకు చల్లదనం, పట్టాల ఉక్కుకు సమృద్ధమైన వేడి ప్రధానం. ఒకదాని నియమం మరొకదానికి నేరుగా వర్తించదు.
• ప్రమాదాలలో చాలావాటికి మూలం చేతి నైపుణ్యం లోపించడం కాదు. ఉక్కు మారినా పద్ధతి మారకపోవడం.
• కర్బన తుల్యాంకం వంటి లెక్కలు, ఉక్కుతో పాటు వచ్చే పరీక్షా పత్రాలు కాగితపు లాంఛనాలు కావు. పై దుర్ఘటనల నుండి సమకూరిన అనుభవం వాటిలో ఉన్నది.

కోనసముద్రం మూసలో సుమారు 1.5 శాతం కర్బనంతో పుట్టిన ఉక్కు తన కాలంలో లోకప్రసిద్ధి పొందింది. దాని గొప్పతనం కర్బనంలోనే ఉంది. దానిని అతకలేకపోవడమూ కర్బనం వల్లనే. అదే తెలంగాణలో నేడు తయారవుతున్న మారేజింగ్ ఉక్కులో కర్బనం అందులో యాభయ్యో వంతుకు మించదు. బలాన్ని వదులుకోకుండా అతుకును సాధించడానికి లోహవిద్య నడిచిన దూరం ఈ రెండు అంకెల మధ్య ఉన్నది. వేడిని రంగుతో కొలిచిన కమ్మరి, తుల్యాంకాన్ని లెక్కించే ఇంజనీరు ఒకే ప్రశ్నతో పని మొదలుపెట్టారు: ముందున్నది ఏ ఉక్కు? ఆ ప్రశ్నకు జవాబు తేలకముందే ఆర్కు వెలిగించిన ప్రతిసారీ మూల్యం చెల్లించవలసి వచ్చిందని చరిత్ర నిరూపిస్తోంది.